రెండో రిమోట్ మసరత్‌దే

కడప జిల్లా ప్రొద్దుటూరు పట్టణంలో సొంత ఇంట్లో కాపురమున్న, కీర్తిశేషులు ఆదినారాయణరెడ్డి గారి భార్య వనజమ్మ అనే నేను, అరవై నాలుగేళ్ల వయసులో, తెలివి తేటగా ఉండి, కళ్లద్దాలు పెట్టుకుని, ఎవరూ నా చెయ్యి పట్టి రాయించకుండా నా అంతట నేను రాసుకున్న వీలునామా ఇది.

నా గుండె బాగాలేదు. ఒక వాల్వు మార్చారు. ఇంకోసారి కోయడానికి ఈ ఒళ్లు ఓర్చదన్నారు. గుండె చెడితే బుద్ధి చెడినట్టు కాదని డాక్టరు చేత కాగితం రాయించి దీనికి జతపరిచాను. నా కొడుకు యశ్వంత్ రేపు "అమ్మకు మతి సరిగా లేనప్పుడు రాసింది" అనడానికి వీల్లేదు. వాడు అంటాడని కాదు, వాడి చేత అనిపించేవాళ్లు ఉంటారు.

ప్లీడరు ఒక నమూనా ఇచ్చాడు. అందులో సదరు, దఖలు, తదనంతరం లాంటి మాటలున్నాయి. అవసరమైన చోట వాడుకున్నాను, మిగతాదంతా నా మాట. ఆస్తి గురించి తక్కువ రాసి, ఆస్తి కానివాటి గురించి ఎక్కువ రాశానని ఆయన చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనీ. దీన్ని ఎప్పుడు, ఎవరి ముందు చదవాలో చివరి అంశంలో రాశాను. మిగతావి అటూ ఇటూ అయినా ఫరవాలేదు కాని అదొక్కటి తప్పకూడదు. నాకు కావలసింది అదే.

1. ఈ ఇల్లు, వీధి వైపున్న ముందు గది తప్ప, అలాగే జమ్మలమడుగు దగ్గర మా పుట్టింటివారు నాకిచ్చిన చేను, నా తదనంతరం నా ఏకైక కుమారుడు యశ్వంత్‌కు సర్వహక్కులతో దఖలు పడతాయి. చేనులో వాడు శనగ వేసినా, కౌలుకిచ్చినా వాడిష్టం. అమ్మదలుచుకుంటే మాత్రం ఒకసారి వెళ్లి గట్టు మీద నిలబడి చూసి అమ్మాలి. ఫోన్లో ఫొటో చూపించి బేరం చేయకూడదు.

2. నా బంగారమంతా పులివెందుల నుంచి ఈ ఇంటికి వచ్చిన కోడలు మాధవికి. పెళ్లినాడు నేను "ప్రొద్దుటూరోల్లకు బంగారం గురించి పులివెందులోల్లు చెప్పాల్నా" అన్న మాట ఆమె ఇంతవరకూ మరవలేదు. ఇప్పుడు ఆ బంగారం తనదే కనుక ఇక మరిచిపోవచ్చు.

ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా మాధవిదే. కొడుకుండగా కోడలికి ఎందుకంటే, ఈ ఇంట్లో అబద్ధం చెప్పడం చేతకాని మనిషి ఆమె ఒక్కతే. చెప్పాల్సి వస్తే లేచి వంటింట్లోకి పోతుంది. ఈమధ్య చాలాసార్లు పోతోంది.

3. ముందు గదిలో మూలన దుప్పటి కప్పి ఉన్న బిళ్లల మిషను యశ్వంత్‌కు. అది పనిచేయదు. అయినా వాడు తీసుకోవాలి.

వేరుశనగ బాగా పండిన ఒక ఏడు నా భర్త బోరు వేయిస్తానని చెప్పి మద్రాసు పోయాడు. బోరు మనుషులు రాలేదు. లారీలో రెండు వీడియో గేము మిషన్లు వచ్చాయి. లారీవాడు ఎర్రగుంట్లలో సిమెంటు బస్తాలు కూడా ఎక్కించాడేమో, అవి విభూతి పూసుకున్న సన్యాసుల్లా మా వాకిట్లో దిగాయి. మా మామగారు కర్ర ఊతంగా చుట్టూ తిరిగి చూసి, "ఏందిరా ఇవి, బీరువాలా?" అని అడిగాడు. ఈయన "నీళ్లు లేకపోయినా పండే పంట నాయనా" అన్నాడు. ఆ తరువాత పెద్దాయన కొడుకుతో చాలాకాలం మాట్లాడలేదు. కాని రోజూ సాయంత్రం కుర్చీ వేయించుకుని, ఆడేవాళ్ల వెనక కూర్చుని, "ఎడం పక్క ఇంగో ఇమానం వస్తాంది, కాల్చప్పా" అని కర్రతో చూపించేవాడు.

యశ్వంత్ సంగతి చెప్పాలి. ముందు గదిలో పెట్టిన ఆటల అంగడి సొంతం. మిషను తాళంచెవి ఇస్తానన్నా తీసుకునేవాడు కాదు. ఊరికే ఆడితే మజా లేదట. రూపాయి బిళ్లకు దారం కట్టి, లోపలికి జారవిడిచి, ఆట మొదలుకాగానే పైకి లాక్కునేవాడు. ఆ విద్య తన క్లాసు మొత్తానికి నేర్పించి సొంత తండ్రిని ముంచాడు. ఆయనకు తెలిసిన రోజు కొడతాడనుకున్నాను. దారం ఏ రకందో అడిగి తెలుసుకుని, తను కూడా ఒకసారి కట్టి ఆడి చూశాడు. మిషను వెనక పలకకు ఆ దారం ముక్క ఇంకా చుట్టి ఉంది. అది కూడా యశ్వంత్‌కే.

4. తరువాత వచ్చిన టీవీ గేము తాలూకు క్యాసెట్లు రేకు పెట్టెలో ఉన్నాయి. వాటి మీద రాసిన సంఖ్యలు నమ్మవద్దు. పదివేల ఆటలని రాసి ఉన్నదాంట్లో ఉన్నవి ఏడో ఎనిమిదో. వాటికే రంగులు మార్చి తిప్పి తిప్పి చూపిస్తుంది. బొమ్మ రాకపోతే క్యాసెట్టు బయటికి లాగి, అడుగున నోటితో గట్టిగా ఊది మళ్లీ పెట్టాలి. ఊదితే ఏమీ కాదని టీవీ మెకానిక్ చాంద్ బాషా ఇన్నేళ్లుగా వాదిస్తున్నాడు. వాదించేవాడు కూడా ఊదే పెడతాడు.

అప్పట్లో మా అంగట్లో ఆడినవాళ్లు ఇప్పుడు కొందరు బంగారు అంగళ్లలో కూర్చున్నారు, కొందరు గల్ఫులో డ్రైవర్లు, ఒకాయన హెడ్మాస్టరు. చీపురుకట్టతో వచ్చిన తల్లుల నుంచి వాళ్లను నేను మా మంచం కింద దాచాను. వాళ్లలో ఎవరొచ్చి అడిగినా తలా ఒక క్యాసెట్టు ఇవ్వాలి. "సిపాయిల ఆటలో కడా స్టేజీ నేను దాటినా" అనేవాడికి మాత్రం ఇవ్వవద్దు. ఆ చివరి స్టేజీ చాంద్ బాషా తప్ప ఒక్కరూ దాటలేదు. లోపలి గదిలో కూర్చుని నేను అన్నీ వింటూనే ఉన్నాను. సిపాయిల ఆట క్యాసెట్టు ఈ పంపకంలో లేదు. దాని గురించి కింద రాస్తున్నాను.

5. ఇది ఆస్తి కాదు, ఒక అలవాటు. అయినా ఎవరికో ఒకరికి అప్పగించాల్సిందే కనుక రాస్తున్నాను.

మసీదు మాకు నాలుగిళ్ల అవతల. శుక్రవారం జుమా నమాజుకు పిలుపు వినపడగానే అంగట్లో సగానికి సగం మంది లేచిపోవాలి. లేవనివాళ్లను మసీదుకు పోతూ పోతూ వాళ్ల నాయన్లు చెవి పట్టుకుని లేపుకుపోయేవాళ్లు. మిగిలినవాళ్లు తమ వంతు వచ్చిందని సంబరపడేలోపే నా భర్త వాళ్లనూ బయటికి తోలేవాడు. "వాళ్లు లేనప్పుడు మీరు ఆడితే రేపు నా అంగట్లో కొట్లాట. పొండప్పా" అని చెప్పి, షట్టరు సగం దించి, అన్నం తిని పడుకునేవాడు. వారం మొత్తంలో అంగడి ఖాళీగా ఉండేది ఆ కాసేపే.

ఒక శుక్రవారం ఆ వేళకు మసరత్ మా పెరటి తలుపు తట్టింది. వెనక వీధిలో జాకెట్లు కుట్టేది. నా జాకెట్టు నా చేతిలో పెట్టి, పోకుండా నిలబడింది. "వనజక్కా, మా ఆయన, మా మరిది, మా ఇంటికి పాలు పోసేటోడు, అందరూ ఆ డబ్బా గురించే చెప్తాండారు. అది యట్లుంటాదో ఒక్కసారి సూపించక్కా. మగోల్లంతా మసీదులో ఉండారు గదా" అంది.

అంగడి యజమానురాలిని నేను. అప్పటిదాకా ఒక్కసారీ ఆడలేదు. ఆడవద్దని ఎవరూ అనలేదు, ఆడవచ్చని నాకే తోచలేదు. ఆ రోజు ఇద్దరం టీవీ ముందు చాప మీద కూర్చున్నాం. ఏ మీట దేనికో తెలియదు. మా సిపాయిలిద్దరూ మొదటి గుంటలోనే పడి చచ్చారు. మళ్లీ లేచి మళ్లీ అదే గుంటలో పడ్డారు. మసరత్ బురఖా ముసుగు వెనక్కి నెట్టి, "ఈడ గుంత ఉండాదని ముందే చెప్పొచ్చు గదా వాడు" అని ఆట తయారు చేసినవాణ్ని తిట్టింది. నేను అంతగా నవ్వి అప్పటికి ఎన్నేళ్లయిందో.

మూడు నాలుగు వారాలు తిరిగేసరికి ఆ వీధి ఆడవాళ్లంతా పెరటి దోవన రావడం మొదలుపెట్టారు. మా వైపువాళ్లూ వచ్చారు. పొయ్యి మీద బిర్యానీ దమ్ముకు పెట్టి వచ్చేవాళ్లు కనుక ఆటకు గడువు ఆ దమ్మే. ఎన్ని ఇళ్లలో అడుగంటిందో, నమాజు నుంచి ఆకలితో వచ్చిన ఎంతమంది మగవాళ్లు ఆ వాసనకు కారణం తెలియకుండానే తిని లేచారో చెప్పలేను. నా భర్తకు మాత్రం తెలుసు. ఒకసారి గుమ్మం దగ్గరికి వెళ్లి చూస్తే, కళ్లు తెరుచుకుని పడుకుని, మా కేకలు వింటూ నవ్వుకుంటున్నాడు. నన్ను చూసి గభాలున కళ్లు మూసుకున్నాడు. ఏ శుక్రవారమూ నమాజు ముగిసేదాకా ఆయన లేవలేదు.

6. సిపాయిల ఆట గురించీ, దాన్ని చేతపట్టి ఆడించే రెండు రిమోట్ల గురించీ.

ఆ ఆటలో ఇద్దరు సిపాయిలు. నీలం లాగు నాది, ఎర్ర లాగు మసరత్‌ది. ఆడేవాళ్లకు తలా కొన్ని ప్రాణాలిస్తారు. ఒకరివి అయిపోతే పక్కవాళ్ల ప్రాణాల్లోంచి ఒకటి తీసుకుని లేవవచ్చు. మసరత్ ఏనాడూ అడిగి తీసుకోలేదు. టక్కున మీట నొక్కి, నా దాంట్లోంచి ఒకటి లాక్కుని, లేచి నిలబడ్డాక, "నీ దాంట్లో ఒగటి తీసుకుంటాండా వనజక్కా" అని తీరిగ్గా చెప్పేది. దొంగదానా అని తిట్టేదాన్ని. నా దగ్గర ఒక్కటే మిగిలినప్పుడు కూడా తీసుకునేది.

నడుమ ఒక జలపాతం వస్తుంది. రాయి మీంచి రాయికి ఎగురుతూ పైకెక్కాలి. ఒకరు తొందరపడి ఎక్కితే బొమ్మ పైకి జరిగిపోయి, కింద మిగిలినవాళ్లు తెర అడుగున పడి చస్తారు. పక్కవాళ్లు వచ్చిందాకా ఆగడమే అక్కడి కిటుకు. మసరత్‌కు ఆగడం రాదు. "ఆగే, నేనింకా కిందుండా" అని నేను అరుస్తూనే ఉండేదాన్ని. వెనక కూర్చున్నవాళ్లకు మా ఆటకన్నా ఆ అరుపులే వినోదం.

కడా స్టేజీలో ఒక పెద్ద ఇనుప తలుపు ఉంటుంది. దాన్ని కాల్చి కాల్చి తెరవాలి. తలుపు వెనక ఏముందో చాంద్ బాషాకు తెలుసు. మాకు చెబితే ఈ ఇంట్లో ఇక కాఫీ పుట్టదని అతనికి అప్పుడే హెచ్చరిక చేశాం. ఇప్పటికీ చెప్పలేదు.

మసరత్ భర్తకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. జాకెట్ల మీద ఇల్లు గడవలేదు. ఆమె కువైట్‌లో ఒకరింటికి వంటపనికి పోవడానికి ఒప్పుకుంది. కూతురు బుష్రా అప్పటికి చిన్నది. పోవలసిన రోజు కూడా శుక్రవారమే. ఆ వేళ తలుపు దాకా పోయాం, ఇద్దరం అక్కడే చచ్చాం. బస్సుకు వేళయింది. మసరత్ తన రిమోట్ వైరు చుట్టి, కుట్టుపనిలో మిగిలిన ఎర్ర గుడ్డ పీలిక దానికి కట్టి, నా చేతిలో పెట్టింది. "నేనుండంతవరకూ దీన్ని ఎవురూ ముట్టుకోకూడదు వనజక్కా. నా కూతురు కూడా ముట్టుకోకూడదు. నేను లేకుండా నువ్వు ఆ తలుపు తెరవొద్దు" అంది. వంగి బుష్రాకు కూడా అదే మాట చెప్పింది. తరువాత పిల్లను నాకు అప్పగించి, వెనక్కి చూడకుండా బస్సెక్కింది.

బుష్రా సగం ఈ ఇంట్లోనే పెరిగింది. నన్ను పెద్దమ్మా అంటుంది. ఆడదాం రమ్మంటే నా రిమోట్ తీసుకుని ఒక్కతే ఆడుకునేది కాని, ఎర్ర పీలికది ముట్టేది కాదు. యశ్వంత్ ఎంత ఉడికించినా, "అమ్మీ ఉండంతవరకూ వద్దంది" అని చేతులు వెనక్కి కట్టుకునేది. పెళ్లయి జమ్మలమడుగు పోయి, మగ్గం వర్కు చేసి ఇద్దరికి పని చూపించే స్థాయికి వచ్చాక కూడా, ఈ గదిలోకి వస్తే ఆ చేతులు వెనక్కే పోయేవి.

మసరత్ రెండేళ్లకో మూడేళ్లకో సెలవు మీద వచ్చేది. పెట్టె దించకముందే, "షట్టరు దించక్కా" అనేది. ప్రతిసారీ తలుపు దాకా పోయేవాళ్లం. అది తెరుచుకోబోయే వేళకు ఇద్దరిలో ఒకరి వేలు తప్పేది. ఎవరి వేలో నేను చెప్పను. తెరిస్తే ఆట అయిపోతుంది కదా.

ఈలోగా నెట్ సెంటర్లు వచ్చాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి, మా అంగడి మూతపడింది. ఒక మిషను పాత ఇనుముకు పోయింది. నా భర్త పోయాడు. పెరటి దోవన వచ్చేవాళ్లలో కొందరు పోయారు, కొందరు మోకాళ్ల నొప్పులతో చాప మీద కూర్చోలేమన్నారు. అయినా శుక్రవారం ఆ వేళకు నేను షట్టరు సగం దించి, టీవీ పెట్టుకుని కూర్చునేదాన్ని. కువైట్‌లో ఆ రోజు సెలవు కనుక ఫోన్ వచ్చేది. మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "వనజక్కా, తలుపు తెరిసినావా?" "యాడ తెరిసేది, నువ్వు రావల్ల గదా." ఇది అయ్యాకే ఆరోగ్యాలూ, ఎండలూ, సేటు పెళ్లాం సణుగుడూ.

కనుక మొదటి రిమోట్, క్యాసెట్టు, ఆట డబ్బా, టీవీ నావి. సదరు రెండో రిమోట్ ఎర్ర పీలికతో సహా మసరత్‌ది. అది నా దగ్గర దాచిన సొత్తు. ఆమె ఉన్నంతవరకూ దాన్ని ఇంకొకరికి రాసిచ్చే హక్కు నాకు లేదు.

7. మసరత్ చనిపోయిందని నాకు తెలుసు.

పోయిన ఏడు రంజాన్ దాటాక నా ఆపరేషన్ జరిగింది. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడే ఆమె కువైట్‌లో పోయినట్టుంది. ఏ జబ్బుతో పోయిందో తెలియదు, అడగలేను కదా. నాకు చెడ్డ కబురేదీ చెప్పవద్దని డాక్టరు అన్నాడట. మన వైపు ఇదేమీ కొత్త కాదు. గుండె జబ్బు మనిషికి చావు కబురు చెప్పరు, మెల్లగా చెబుదామంటారు. వారం దాటితే ఇన్నాళ్లు ఎందుకు దాచారని అడుగుతుందేమోనని భయం. నెల దాటితే ఇక నోరే రాదు. నేను కూడా మా అత్తగారి దగ్గర ఆమె తమ్ముడి చావు ఇలాగే దాచాను. కనుక ఎవరి మీదా కోపం లేదు.

నేను ఇంటికొచ్చిన మొదటి శుక్రవారం బుష్రా జమ్మలమడుగు నుంచి వచ్చింది. మంచి చుడీదారు వేసుకుని, నవ్వు ముఖం పెట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. "అమ్మీ ఫోన్ చేసినాది పెద్దమ్మా. నిన్ను శానా అడిగినాది. వాళ్ల సేటు ఇల్లు మారినాడంట, పాత నంబరు పని చేయదంట." తలుపు సంగతి అడిగిందా అని నా నోటి దాకా వచ్చింది. అంతలో ఆ పిల్ల చాప మీద కూర్చుని, టీవీ బల్ల కింద నుంచి రెండో రిమోట్ తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎర్ర పీలిక ముడిని బొటనవేలితో నిమిరింది. తన చేతులు ఏం చేస్తున్నాయో తనకే తెలియదు. యశ్వంత్ పక్కనే ఉన్నాడు కాని ఫోన్ చూసుకుంటున్నాడు. నేను చూశాను. నాకు అప్పుడే తెలిసిపోయింది.

నేను అరవలేదు. నా గుండె ఆగలేదు. డాక్టరు దాన్ని తక్కువ అంచనా వేశాడు. "కాఫీ తాగుతావా బుష్రా" అని అడిగాను.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఆ పిల్ల నాకు చచ్చిపోయిన తల్లి సలాములు మోసుకొస్తోంది. ఏ సలాములోనూ తలుపు ఊసు లేదు. ఒకసారి కువైట్ ఖర్జూరమని తెచ్చారు. కవరు మీద మన ప్రొద్దుటూరు అంగడి పేరు ఉంది, తీయడం మరిచిపోయారు. నేను తిని, కువైట్ రుచే వేరన్నాను. "చిన్నమ్మ బాగుండాదంట మా" అని యశ్వంత్ ఫోన్లోంచి తల ఎత్తకుండా చెబుతాడు. మాధవి వంటింట్లోకి పోతుంది. వంటమనిషి గురమ్మ మసరత్ పేరు వినపడితే చాలు, కూరలో వేసినా వేయకపోయినా ఎర్రగడ్డలు కోయడం మొదలుపెట్టి, కళ్లు తుడుచుకుంటూ కూర్చుంటుంది. ఈ ఏడాదిన్నరగా మన ఇంట్లో ఎర్రగడ్డలు ఎందుకింత అయిపోతున్నాయని యశ్వంత్ అడిగాడు. జవాబు ఇదే.

నాకు తెలుసని చెప్పబోయాను. ఒకసారి "బుష్రా, మీ అమ్మ" అన్నానో లేదో, నా గొంతు వణికిందని అందరూ లేచారు. యశ్వంత్ బీపీ మిషను తెచ్చాడు. "నువ్వు మాట్లాడొద్దు మా, పండుకో" అన్నాడు. బుష్రా నా అరికాళ్లు రాసింది. ఈ ఇంట్లో నా నోటికి హక్కు పోయింది. వీలునామాకు మాత్రం ఎవరూ అడ్డుపడరు. ఆస్తి సంగతి కనుక కడదాకా వింటారు. అందుకే ఇది రాశాను.

తల్లి పోయిన నెలలో ముఖం కడుక్కుని నా ముందుకొచ్చి, ఆమె క్షేమం చెప్పిన పిల్ల బుష్రా. మసరత్ అన్నిటికన్నా ఎక్కువ నవ్విన గది ఇది. ఈ గదిలో ఆ పిల్ల ఒక్కసారీ ఏడవలేకపోయింది. నేనూ ఏడవలేదు. స్నానాల గదిలో కుళాయి తిప్పి ఏడ్చింది నేను లెక్కపెట్టను. నా భర్త పోయినప్పుడు మసరత్ కువైట్ నుంచి ఫోన్ చేసింది. ఇద్దరం మాట లేకుండా ఏడ్చాం. అయిపోయాక ముక్కు చీది, "తిన్యావా?" అని అడిగింది. ఏడుపుకు కూడా ఇద్దరు కావాలని నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది.

మసరత్ మీద నాకు కోపంగా ఉంది. అది కూడా ఇందులో నమోదు చేస్తున్నాను. ఎన్నడూ అడగకుండా నా ప్రాణాల్లోంచి తీసుకునేది. అసలు అవసరమైనప్పుడు తీసుకోలేదు. ఆగమంటే ఆగకుండా పైకి ఎక్కిపోయింది. నేనింకా కిందే ఉన్నాను.

8. వీధి వైపు ముందు గదిని, షట్టరు, కరెంటు మీటరుతో సహా, మసరత్ కుమార్తె బుష్రాకు సర్వహక్కులతో రాసిస్తున్నాను. దాన్ని సెల్‌ఫోన్ల అంగడికి అద్దెకివ్వాలని యశ్వంత్ మాట్లాడి పెట్టుకున్నాడని తెలుసు. మాట వెనక్కి తీసుకోవాలి. బుష్రా అందులో మగ్గం వర్కు పెట్టుకుంటుందో, మరొకటి చేస్తుందో ఆమె ఇష్టం. ఒక్కటే షరతు. శుక్రవారం జుమా వేళకు షట్టరు సగం దించాలి. పెరటి తలుపు తీసి ఉంచాలి. వచ్చిన ఆడవాళ్లు ఏ ఇంటివాళ్లని అడగకూడదు. చాప మీద కూర్చోలేనివాళ్లకు మా మామగారి కుర్చీ వేయాలి.

9. తనున్నంతవరకే ముట్టవద్దంది మసరత్. ఆ గడువు తీరింది. కనుక రెండో రిమోట్ బుష్రాది. నా తదనంతరం మొదటిది, సిపాయిల ఆట క్యాసెట్టు, ఆట డబ్బా, టీవీ కూడా ఆమెవే. ఎర్ర పీలిక విప్పకూడదు.

10. సాక్షి సంతకం పెట్టేవాళ్లకు వీలునామాలో ఏదీ రాయకూడదట. అందుకే చాంద్ బాషాకూ, గురమ్మకూ ఇందులో ఏమీ లేదు. వాళ్లకు ఇవ్వదలుచుకున్నవి నిన్ననే చేతికిచ్చాను. వాళ్లకు ఇందులోని సంగతి చెప్పలేదు. ఇంతకాలం వాళ్లు నా దగ్గర దాచారు, ఈ ఒక్క పూట నేను వాళ్ల దగ్గర దాచాను.

11. ఆస్తుల దఖలు నా తదనంతరమే. కాని ఈ వీలునామా చదవడానికి నా చావు దాకా ఆగకూడదు. ఈ రోజే చదవాలి.

ఇవాళ శుక్రవారం. అందరూ హాల్లో ఉన్నారు. బుష్రా మళ్లీ ఖర్జూరం తెచ్చింది, ఈసారి కవరు మార్చారు. సాక్షులు సంతకాలు చేయగానే మాధవి దీన్ని హాల్లోకి తీసుకుపోయి మొదటి మాట నుంచి గట్టిగా చదవాలి. ఏడో అంశం దగ్గర వంటింట్లోకి పోకూడదు. యశ్వంత్ బీపీ మిషను తేకూడదు. డాక్టరుకు ఫోన్ చేయకూడదు. వాడు నన్ను బతికించుకోవాలని ఎంత తాపత్రయపడ్డాడో నాకు తెలుసు. నా కొడుకు మంచివాడు. అబద్ధం సరిగ్గా చెప్పడం రాదు, అంతే.

చదవడం అయ్యేసరికి నేను ముందు గదిలో ఉంటాను. షట్టరు సగం దించాను. చాంద్ బాషా క్యాసెట్టు ఊది పెట్టాడు, బొమ్మ బాగానే వస్తోంది. ఇద్దరు ఆడేదానికే పెట్టి ఉంచాను. ఎర్ర లాగువాడు కదలకుండా నిలబడి ఉన్నాడు.

బుష్రా ఒక్కతే లోపలికి రావాలి. నా పక్కన చాప మీద కూర్చుని, మీ అమ్మకు ఏం జబ్బు చేసిందో, ఏ రోజు పోయిందో, ఏ మట్టిలో పెట్టారో, చివరికి ఏం మాట్లాడిందో నాకు చెప్పాలి. సలాములు వద్దు, నిజం చెప్పాలి. నీకు ఏడుపు వస్తే ఏడువు, నేను కూడా ఏడుస్తాను. నాకేమైనా అవుతుందని భయపడవద్దు. ఇంతకన్నా నాకు అయ్యేదేమీ లేదు. ఆ తరువాత చేతనైతే ఆడదాం. తలుపు దాకా పోతామో, మొదటి గుంటలోనే పడతామో నాకు తెలియదు.

రా తల్లీ. ఈసారి జలపాతం దగ్గర నేను ఆగుతాను. నువ్వు వచ్చిందాకా పైకెక్కను.

ఇందులోని ప్రతి మాటా నా చేత్తో రాసి, మరోసారి చదువుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

ప్రొద్దుటూరు
14 నవంబరు 2025, శుక్రవారం, జుమా పిలుపుకు కాస్త ముందు

(సంతకం) వనజమ్మ

సాక్షులు:

1. (సంతకం) చాంద్ బాషా, టీవీ మెకానిక్, ప్రొద్దుటూరు. సంతకం చేసి నమాజుకు బయలుదేరాడు.

2. గురమ్మ, వంటమనిషి, ప్రొద్దుటూరు. ఎడమచేతి బొటనవేలి ముద్ర. ఎర్రగడ్డలు కోస్తుంటే పిలిచి వేయించాను.